తీసెయ్యలేదట, గడువు తీరిందట!



రాయచూరు జిన్నింగు మిల్లుల్లో పత్తి రావడం ఆగితే పని ఆగుతుంది. ఆ రోజు ఎవరినీ తీసేశామని అనరు, సీజను అయిపోయిందంటారు. స్పిన్నింగు మిల్లు గేటు దగ్గర బదిలీ కార్మికుడికి చెప్పేదీ అదే: "ఇవాళ ఖాళీ లేదు, రేపు రా." కార్ల విడిభాగాల ఫ్యాక్టరీల్లో కూడా ఇదే నాటకం ఆడారు.

2019లో కార్ల అమ్మకాలు పడిపోయాయి. ఆగస్టులో అయితే అంతకు ముందటి ఏడాది ఆగస్టు కంటే 31 శాతం పైగా తక్కువ. ఆ జూలై నాటికే లక్ష మంది తాత్కాలిక కార్మికుల పని పోయిందని చెప్పింది మనం కాదు, విడిభాగాల యజమానుల సంఘమే. సెప్టెంబరు 20న కేంద్రం, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి దించింది. ఆ లక్ష మంది కోసం అంత తొందర ఎవరు పడ్డారు?

పడనక్కర లేకుండా దారి ముందే వేసిపెట్టారు. కాంట్రాక్టు గడువు తీరి పొడిగించకపోతే అది రిట్రెంచ్‌మెంటు కాదని 1984లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించారు. రిట్రెంచ్‌మెంటు అయితే నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. కాదంటే చేతులు దులుపుకోవచ్చు.

ఫోర్డు కంపెనీ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తానని 2021 సెప్టెంబరులో ప్రకటించింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫ్యాక్టరీ కార్మికులు 2022లో సమ్మె కట్టి, బేరమాడి, ఆ 15 రోజులకు ఎన్నో రెట్లు రాబట్టారు. శభాష్! కాని ఆ బేరంలో విడిభాగాల ఫ్యాక్టరీల కాంట్రాక్టు కూలీకి చోటు లేదు. కారు సీటు గుడ్డ, బెల్టు పట్టీ, టైరు లోపలి గుడ్డ నేసేదీ మనబోటి వాళ్లే కదా!

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మూసివేతకు ముందు సర్కారు అనుమతి తీసుకోవాల్సిన హద్దు 100 మంది నుంచి 300కు పెరిగింది. గడువు తీరిన కార్మికుడు ఈ కోడ్‌లోనూ రిట్రెంచ్‌మెంటు లెక్కలోకి రాడు. ఏడాది చేస్తే గ్రాట్యుటీ అంటున్నారు, మంచిదే. మరి పదకొండు నెలలకే గడువు పెడితే?

240 రోజులు పనిచేశానని రుజువు చేసుకునే భారం కార్మికుడిదేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన కర్ణాటక కేసులోనే. కాబట్టి జీతం చీటీలు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు పెట్టెలో భద్రంగా దాచుకోండి. కాంట్రాక్టరు చీటీ ఇవ్వనంటే ఆ రోజే యూనియన్ ఆఫీసుకు వచ్చి రాయించండి.