అమల అయితే ఓకే, విమల అయితే ఎర్రర్!

చాలా రోజులైంది కదా ఇలా కూర్చుని రాసి. రిలీజులు, ఇల్లు మారడం, మధ్యలో ఓ వారం జ్వరం... ఖాళీ లేదు. పోయిన శనాదివారాలు మాత్రం ఊరెళ్ళి ఒక చిన్న పని పెట్టుకున్నా. దాంతో ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటారా? ముందు నా మీద, తర్వాత మీ అందరి మీద :)

సంగతేంటంటే, మా అమ్మ డ్వాక్రా గ్రూపు లీడరు. పదిమంది సభ్యులు, నెలనెలా పొదుపు, అప్పు వాయిదాలు... అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తుంది. "కంప్యూటర్ ఇంజనీరువేగా, ఇది ఫోన్లో వచ్చేట్టు చెయ్యరాదూ" అంది. ఇదెంత పని అనుకున్నా. పైథాన్‌లో గబగబా ఓ వెబ్ పేజీ రాసి, మధ్యాహ్నానికల్లా చేతికిచ్చా. అమ్మ తెలుగులో మొదటి పేరు కొట్టింది. "సరైన పేరు ఇవ్వండి" అని ఎర్రక్షరాలు!

"సరైన పేరేరా, దాని పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాం" అంది అమ్మ.

తీరా చూస్తే, పేరులో అంకెలూ చెత్తా రాకుండా అలవాటు ప్రకారం నేను పెట్టిన 'ఇజ్‌ఆల్ఫా' చెక్కు అది. మీరూ చేసి చూడండి. 'అమల' అని ఇస్తే ట్రూ, 'విమల' అని ఇస్తే ఫాల్స్. యూనికోడ్ లెక్కలో గుడులు, కొమ్ములు, పొల్లు అక్షరాల కిందకి రావు, గుర్తుల కిందకి వస్తాయి. గుణింతం లేని పేరైతేనే పాస్ అన్నమాట. ఇందులో పైథాన్ తప్పేం లేదు. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. చదవనిది నేనే.

సరే, ఆ చెక్కు తీసేశా. ఈసారి లిస్టులో పేర్లు తెగిపోయాయి. పన్నెండు క్యారెక్టర్లు దాటితే కోసెయ్యమని రాశా కదా! గ్రూపులో పెద్దావిడ పేరు లక్ష్మీకాంతమ్మ అనుకుందాం. మనం లెక్కపెడితే అయిదే అక్షరాలు: ల, క్ష్మీ, కాం, త, మ్మ. కంప్యూటర్‌కి అవి 14 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 42 బైట్లు. పన్నెండు దగ్గర కోస్తే మిగిలేది 'లక్ష్మీకాంతమ'. పెద్దావిడ పేరులో అమ్మనే కోసి పారేశాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ కోడు రాసింది తెలుగు రాని వాడు కాదు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన వాడు! పేర్లు, అడ్రసులు తీసుకునే ఫారాలు ఇన్నేళ్ళుగా రాస్తూ, ఒక్కసారి కూడా తెలుగు పేరుతో టెస్టు చెయ్యలేదు. మన టెస్టు డేటా చూడండి... జాన్, స్మిత్, ఇంకా బద్ధకమైతే 'టెస్ట్ 123'.

అడిగితే చెప్పే సాకులు నాకూ కంఠతా వచ్చు. "రిక్వైర్‌మెంట్‌లో లేదు." సరే, పేరులో ఖాళీ స్పేసు వస్తే క్రాష్ కాకూడదని ఏ రిక్వైర్‌మెంట్‌లో రాశారు? అది మనమే ఆలోచించి పెట్టుకోలేదా? "ఇంగ్లీషులో కొట్టుకుంటే పోలా?" పోదు. లక్ష్మి అనే పేరుని ఒక కార్డులో ఎక్స్‌తో, ఇంకో కార్డులో కేఎస్‌హెచ్‌తో రాసినందుకు ఆఫీసుల చుట్టూ తిరిగేది మనం కాదు, వాళ్ళు. తెలుగులో రాస్తే ఆవిడ పేరుకి స్పెల్లింగు ఒక్కటే. ఆ ఒక్కటీ తీసుకోలేని ఫారం మనం రాసిచ్చాం.

యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, అంటే 1991లోనే, తెలుగు ఉంది. ఒత్తులున్న తెలుగు అక్షరాన్ని మొత్తంగా ఒకటే యూనిట్‌గా చూడాలనే నియమం మాత్రం 2023లో 15.1 వెర్షన్‌తో గానీ రాలేదు. ముప్పై రెండేళ్ళు! 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో కనపడని క్యారెక్టర్ ఒకటి ఇరికిస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాషయ్యాయని గుర్తుందా? ఆ వారం అంతా ఒకళ్ళకొకళ్ళం పంపుకుని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. మన కోడులో తెలుగు పెడితే ఏమవుతుందో చూద్దామని మాత్రం తట్టలేదు.

భాషాసేవ చెయ్యమని అనడం లేదండీ. ఉద్యోగం సరిగ్గా చెయ్యమంటున్నా, అంతే. సోమవారం ఆఫీసుకెళ్ళాక మీ టెస్టు డేటాలో ఒక్క తెలుగు పేరు చేర్చండి. మీ అమ్మగారి పేరే చేర్చండి. పాసైతే సంతోషం. ఫెయిలైతే బగ్ ఫైల్ చెయ్యండి, ప్రయారిటీ 'లో' అని మాత్రం పెట్టకండి.

మా గ్రూపు యాప్ ఇప్పుడు బానే నడుస్తోంది. అమ్మ మాత్రం నోటుబుక్కు ఇంకా పారెయ్యలేదు. "అందులో అందరి పేర్లూ పడతాయి" అంటుంది. ఏం చెప్పను?