కిడ్నీ ఊళ్లలో గుండెపోటు

"గేసేలే, సోడా తాగితే పోద్ది." కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇళ్లల్లో ఈ మాటతో గంటలు గడిచిపోతాయి. కిడ్నీలు పాడైన మనిషికి గుండెపోటు వస్తే ఛాతీలో నొప్పే ఉండకపోవచ్చు. ఆయాసం, చెమటలు, నీరసం. ఆయాసం అతనికి కొత్తా ఏమిటి అనుకుంటారు.

ఆసుపత్రికి చేరినా చిక్కు తీరదు. రక్తపరీక్షలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరిగితే గుండెకు దెబ్బ తగిలినట్టు లెక్క. కిడ్నీ రోగుల్లో అది మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉండొచ్చు. కొద్ది గంటల్లో మళ్లీ పరీక్షిస్తే తప్ప తేలదు. యాంజియోగ్రామ్‌లో ఎక్కించే మందు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తుందేమోనని ఒక జంకు, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌తో రక్తస్రావం అవుతుందేమోనని మరో జంకు. నిజానికి కిడ్నీ జబ్బున్నవాళ్లలో చాలామందిని డయాలసిస్ దాకా పోనివ్వకుండానే పొట్టనబెట్టుకునేది గుండె జబ్బే.

గుండెపోటుతో బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లినవాళ్ల సంగతి మరీ కష్టం. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో జరిపిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. గుండెకు సాయంగా చిన్న పంపు అమర్చితే 180 రోజుల్లో మరణాలు 58.5 శాతం నుంచి 45.8కు తగ్గాయి. డయాలసిస్ లాంటి చికిత్స అవసరమైనవాళ్లు మాత్రం 26.7 నుంచి 41.9 శాతానికి పెరిగారు. గుండెను కాపాడబోతే కిడ్నీ మీదికొచ్చింది. కాబట్టి కిడ్నీ రోగులకు గుండె, కిడ్నీ నిపుణులు ఇద్దరూ ఒకేచోట ఉండాలి.

ఇచ్ఛాపురం నుంచి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి 200 కిలోమీటర్ల పైమాటే. రెండు గంటల్లో స్టెంట్ అందదనుకుంటే ముందు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆపైన తరలించాలన్నది వైద్యుల నియమం. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ (తీవ్ర గుండెపోటు) కార్యక్రమం ఉద్దేశం అదే. దాదాపు 40 వేల రూపాయల ఆ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇస్తారు. 75 ఏళ్లు దాటినవాళ్లకు సగం మోతాదు చాలన్న జాగ్రత్తలూ వైద్యులకు తెలిసినవే.

ప్రభుత్వం ఈ జిల్లాను మరిచిందేమీ లేదు. 2007లో ఆరోగ్యశ్రీ తొలివిడత మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇక కావలసింది ఆ ప్రాంగణంలోనే గుండె విభాగం, స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్. అంతవరకూ సోంపేట, పలాస డయాలసిస్ కేంద్రాల్లో ఈసీజీ యంత్రం, ఇంజెక్షన్, ఇచ్చే అధికారమున్న డాక్టరు ఉంటే చాలు. రోగి వారానికి రెండు మూడుసార్లు ఎలాగూ అక్కడి డయాలసిస్ మంచం మీదికే వస్తాడు. మంచి రోజున తీసిన ఈసీజీ కాగితం అతని ఫైల్లో ఉంటే, పోటు వచ్చిన రాత్రి డాక్టరు పాత ఈసీజీ, కొత్త ఈసీజీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోగలుగుతాడు.