ప్రసిద్ధ చిత్రకారుని కుంచె యెదుట

తన రూపమును కాలమున కప్పగించి పోవలయునను కోరిక మనుష్యునకు సహజము. రాజులు శిలపై చెక్కించుకొనిరి, లోహమున పోతపోయించుకొనిరి, పటముపై వ్రాయించుకొనిరి. ఆ కోరికను మేము పరిహసింపము. అయితే ధనముగలవారును, వారి గౌరవార్థము చందాలు పోగుచేయు సంఘములవారును ఈ విషయమున మొట్టమొదట వేయు ప్రశ్న యొక్కటియే: ఇప్పుడు మిక్కిలి పేరుగల చిత్రకారుడెవడు? ఈ ప్రశ్న దారి తప్పించునదని మా అభిప్రాయము. అడుగవలసినది వేరు. ఆ పేరుగలవాడు మనలను చూచి యేమి వ్రాయునో దానిని మన గోడకు తగిలించుకొను గుండెదిటవు మనకు కలదా?

ఇందుకు 1954 నాటి యాంగ్లదేశపు ఉదంతమును మించిన నిదర్శనము వేరొక్కటి కానరాదు. ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన విన్‌స్టన్ చర్చిలునకు ఎనుబది యేండ్లు నిండినవి. అప్పుడాతడు ప్రధానమంత్రి. పార్లమెంటు ఉభయసభల సభ్యులును చేరి ఆతని చిత్తరువును వ్రాయించి కానుక యీయ నిశ్చయించిరి. గ్రేహాం సథర్లాండు అను చిత్రకారుని నియమించి వేయి గినీల ప్రతిఫల మేర్పరచిరి. ఈ సథర్లాండు పేరు మోసినవాడు. 1949లో సోమర్‌సెట్ మామ్ అను రచయిత చిత్తరువును వ్రాసి, ముడుతలలో ఒక్కదానిని కూడ విడువక చూపినవాడు. కావున ఆతని ధోరణి మాకు తెలియదని యెవరును అనుటకు వీలులేదు. తెలిసియే పిలిచిరి, పేరును చూచి పిలిచిరి.

చర్చిలునకు గార్టరు బిరుదమునకు చెందిన మహావస్త్రములతో కనబడవలయునని ముచ్చట. కానుక యిచ్చువారికి సభలో తాము నిత్యము చూచు ఉడుపులతోనే కావలయును. కడకు సాధారణపు ఉడుపులే నెగ్గినవి. ఇచ్చట మా పాఠకులకు 1931 స్మృతికి రాకమానదు. రాజప్రతినిధి భవనపు మెట్లపై అర్ధనగ్నుడగు ఫకీరు నడచిపోవుట ఏవగింపు గొలుపు దృశ్యమని గాంధీమహాత్ముని గూర్చి పలికినవాడు ఈ చర్చిలే. పరుని ఉడుపులను వెక్కిరించిన నోరు ఇరువదిమూడేండ్ల పిమ్మట తన యుడుపులకై బతిమాలవలసివచ్చినది!

చార్టువెల్ గృహమున పలుమారు ఎదుట కూర్చుండబెట్టుకొని సథర్లాండు వ్రాసిన చిత్తరువులో ఏమి కానవచ్చెను? కుర్చీచేతులను రెండు చేతులతో పట్టుకొని బరువుగా కూర్చున్న ఒక వృద్ధుడు. దేహము సడలినది, మొగమున మొండితన మింకను వీడలేదు. అంతకు ముందటి యేడు జూన్ మాసమున చర్చిలునకు పక్షవాతము వచ్చినది. ఆ సంగతిని ప్రజలకు తెలియనీయక దాచిరి. మంత్రులును పత్రికాధిపతులును కలిసి దాచిన దానిని ఒక కుంచె బయటపెట్టినది. చర్చిలు కోపమునకు మూలము చిత్రము చెడ్డదగుట కాదు, నిజమగుట అని మేము తలంచుచున్నాము. ఐదు నెలలు తిరుగకమునుపే, 1955 ఏప్రిలులో, ఆతడు పదవిని వీడెను.

వెస్టుమినిస్టరు హాలులో చిత్రమును స్వీకరించుచు చర్చిలు అది ఆధునిక కళకు చెప్పుకోదగిన యుదాహరణమని అన్నాడు. ఆ పొగడ్తలోని పోటును గ్రహించి సభ పకపక నవ్వినది. చిత్రము చార్టువెల్లునకు చేరినదే గాని గోడ కెక్కలేదు. కొలదికాలములోనే దానిని నాశనము చేసిరి. ఆతని భార్య గతించిన పిమ్మట 1978లో గాని ఆ సంగతి లోకమునకు వెల్లడి కాలేదు. నేడు మిగిలినవి చిత్రకారుడు ముందుగా వ్రాసికొన్న చిత్తులును, ఛాయాచిత్రములును మాత్రమే. చర్చిలు తానును తీరికవేళల రంగులు పట్టి చిత్రములు వ్రాసినవాడు గదా! తోటివాని శ్రమ యెట్టిదో ఎరుగనివాడు కాడు. కాని తన మొగమువరకు వచ్చుసరికి ఆ యెరుక యెచ్చటికి పోయెనో!

దీనికి మూడు శతాబ్దముల ముందటి మాట యొకటి కలదు. 1650లో స్పెయిన్ దేశపు వెలాస్క్వెజ్ రోమునగరమునకు వచ్చి పదవ ఇన్నొసెంట్ పోపు చిత్తరువును వ్రాసెను. ఎఱ్ఱని వస్త్రములు, ఎఱ్ఱని తెర. వాని నడుమ ఎవరిని నమ్మని కన్నులు. దానిని చూచి పోపు 'మరీ నిజముగా నున్నది' అనెనని ఐతిహ్యము. ఆ మాట అన్నను అనకున్నను, ఆతడు దానిని కాల్పింపలేదు. నేటికిని అది రోములో ఆతని వంశమువారి భవనమునందే, దోరియా పాంఫీలీ చిత్రశాలలో నున్నది. ఆతని పరిపాలనను మరచినవారు కూడ ఆ కన్నులను మరువలేరు.

మెప్పుకై వ్రాయించుకొనువారి కథ వేరు. మాంటువా రాణి ఇసబెల్లా డెస్టె 1474లో పుట్టినది. అరువదియేండ్ల ప్రాయమున టిషియను చేత చిత్తరువు వ్రాయించుకొనగా ఆ చిత్రమున నవయౌవన కానవచ్చును. ఆ పటము వియన్నాలో నున్నది, అందమైనదే. కాని అందున్నది ఇసబెల్లా కాదు, ఇసబెల్లా కోరిక.

ఇక మన దేశపు మాట. 1868లో తిరువాన్కూరు ఆస్థానమునకు థియొడోర్ జెన్సన్ అను విదేశీయుడు తైలవర్ణ చిత్రములు వ్రాయుటకు వచ్చెను. నేర్పుమన్న నేర్పలేదు గాని, కిలిమానూరు యువకు డొకడు ప్రక్కన నిలిచి చూచుట కొప్పుకొనెను. ఆ యువకుడే రవివర్మ. జెన్సన్ పేరు నేడు మనకు తెలియుట ఆ యువకునివలననే గాని ఆతడు వ్రాసిన రాజమూర్తులవలన కాదు. ఆ రవివర్మయే పేరుగాంచి, 1881లో బరోడా మహారాజు సయాజీరావు అధికార స్వీకారోత్సవ సమయమున పిలువబడెను. రాజులు ఆతని యెదుట కూర్చుండుట గౌరవముగా నెంచిరి. ముత్యమునందలి మెరుగును, పట్టుచీర మడతలోని నీడను వ్రాయుటలో ఆతనికి సాటి లేడు. అయినను ఆ సంస్థానాధీశుల పటములను చూచినపుడు మన కన్ను మొదట హారములపై వ్రాలుననియు, పిమ్మటగాని మొగమున కెక్కదనియు చెప్పక తప్పదు. దోషము కుంచెది కాదు. హారములను చూపుటకే వారు కూర్చుండిరి.

కీర్తి ఆలస్యముగా వచ్చు అతిథి. 1905లో గెర్ట్రూడ్ స్టైన్ అను అమెరికా రచయిత్రి పారిసు నగరమున ఒక పేద స్పెయిన్ యువకుని యెదుట కూర్చుండ నారంభించినది. ఎనుబది తొంబది పర్యాయములు కూర్చున్నట్లు ఆమెయే చెప్పుకొన్నది. అన్ని దినములు కూర్చుండబెట్టి కడకాతడు మొగమును చెరిపివేసి, మరునాటి యేడు ఆమె యెదుట లేకుండగనే మరల వ్రాసెను! ఆ యువకుడు పికాసో. ఆమె ఆ పటమును జీవితాంతము కాపాడుకొని, 1946లో మరణించునపుడు న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమునకు వ్రాసియిచ్చినది. ఆమె పేరును కొనలేదు, చూపును నమ్మినది.

మన రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో మశూచికము వాతబడెను. ఇరువదియెనిమి దేండ్లయినను నిండలేదు. ఆతని కీర్తి పండువరకు వేచియుందమనుకొన్న వారెవరైన నుండిన, వారికి ఆ చేతిగీత యొకటియు దక్కియుండదు. నేడు ఆ పట్టణమున ఆతని పేర నున్న చిత్రశాలకు పోయి చూచువారికి మా మాట తెలియగలదు. మన జిల్లాలలో నేడును చేయి తిరిగిన యువకులు లేకపోలేదు. వారిని సినిమా ప్రకటనలకును, గోడ వ్రాతలకును విడిచిపెట్టి, పెద్ద నగరపు పెద్ద పేరుకై లక్షలు పోయు సంఘములను చూచినపుడు మాకు విచారము కలుగును.

చిత్రకారుని యెదుట కూర్చుండకయే, కాసు ఇయ్యకయే జాతికి చిత్తరువైన మూర్తియు కలదు. 1930లో దండియాత్ర జరుగుచుండగా నందలాల్ బోసు లినోలియము పలకపై చెక్కి అచ్చొత్తిన గాంధీమూర్తిని మేము చెప్పుచున్నాము. నల్లని నేలపై తెల్లని గీతలు, చేత కర్ర, ముందుకు సాగిన యడుగు. అంతే. ఏ అర్ధనగ్నత్వమును చర్చిలు ఏవగించుకొనెనో, అదియే ఇచ్చట చిత్రమునకు ప్రాణము. అట్లే తిరుమల కొండపై కృష్ణదేవరాయలు ఇరువురు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన లోహమూర్తులను మన తెలుగువారు ఎరుగనివారు లేరు. అంతటి చక్రవర్తి సింహాసన మెక్కి కూర్చున్నట్లు పోయించుకొనలేదు. ఎట్లు కనబడవలయునో ఎంచుకొనుటయందే ఆతని మనస్సు మనకు తెలియుచున్నది.

ఇప్పుడు మన యూళ్ల పద్ధతి యెట్లున్నది? ఒక ఛాయాచిత్రమును పెద్ద చిత్రకారునకు పంపుదురు. ఆతడు దానిని చూచి వ్రాయును. ఆతడు ఆ మనుష్యుని నడక యెరుగడు, నవ్వు యెరుగడు. పటము వచ్చిన పిమ్మట కుటుంబమువారు మీసము నలుపు చేయుమందురు, చెంప నింపుమందురు, ఆతడు నింపును. ఇంతకు ఆ పెద్ద పేరెందుకు? ఛాయాచిత్రమునే పెద్దదిగా తీయించి తగిలించిన ఖర్చు తగ్గును, నిజమును మిగులును.

చట్టము మాటయు పాఠకులు గమనింపవలయును. 1957 నాటి మన కాపీరైటు చట్టము ననుసరించి, ప్రతిఫల మిచ్చి వ్రాయించుకొన్న చిత్తరువుపై, వేరు ఒడంబడిక లేనియెడల, కాపీరైటు వ్రాయించుకొన్నవానిదే. అంతమాత్రమున చిత్రకారుని సంబంధము తెగిపోదు. ఢిల్లీ విజ్ఞాన భవనమున అమర్‌నాథ్ సెహగల్ నిర్మించిన గొప్ప కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసి పాడుచేయగా, ఆతడు వ్యాజ్యమాడెను. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పమును ఆతనికి తిరిగి యీయుమనియు, ఐదు లక్షల రూపాయలు చెల్లింపుమనియు ప్రభుత్వమునకు ఆజ్ఞాపించినది. కళాకృతిని నాశనము చేయుట కళాకారుని హక్కునకు భంగమే యని ఆ తీర్పున నిర్ధారణ చేసినది. చర్చిలు గృహమున జరిగినది మన దేశమున జరిగియున్న, సథర్లాండు న్యాయస్థానపు మెట్టు ఎక్కియుండును.

కావున పురపాలకసంఘములకును, కళాశాల పాలకవర్గములకును, గ్రంథాలయ సంఘములకును మా సూచన యిది. చిత్తరువు వ్రాయింప నిశ్చయించినయెడల ఆ పెద్దమనుష్యుడు జీవించియుండగనే వ్రాయింపుడు. ఎన్ని దినములు ఎదుట కూర్చుండునో ఆతనిచేత ముందే ఒప్పింపుడు. రంగులును కూర్పును చిత్రకారునకు విడువుడు. పటము సంఘముదే గాని కుటుంబముది కాదనియు, నచ్చకపోయినను దానిని చెరుపుటకుగాని కాల్చుటకుగాని ఎవ్వరికిని అధికారము లేదనియు ఒడంబడికలో వ్రాసికొని, చందా పుస్తకము తెరువకమునుపే తీర్మానముగా నమోదు చేయుడు.