గడప దాటిన ఆ స్త్రీ ఎక్కడికి వెళ్ళింది?

ఆఫ్రికా దర్శకుల లఘుచిత్రాల గురించి ఎవరు రాసినా ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: వాళ్ళు తమ సంస్కృతినీ, అస్తిత్వాన్నీ అన్వేషిస్తున్నారని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరి సంస్కృతి? దాన్ని నిర్వచించే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ అస్తిత్వాన్ని కాపాడే బరువు ఎవరి నెత్తిన పడింది? ఈ ప్రశ్నలు వేయకుండా ఆ వాక్యాన్ని వల్లించడమంటే స్త్రీల చరిత్రని మరోసారి పక్కకు నెట్టడమే.

ముందుగా ఈ సినిమాల నిడివి సంగతి చూద్దాం. 1934లో ఫ్రాన్స్ తెచ్చిన లావల్ డిక్రీ ప్రకారం దాని ఆఫ్రికా వలసల్లో సినిమా తీయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆఫ్రికన్లు తమ నేలని తామే చిత్రించుకునే దారి అలా మూసుకుపోయింది. పాలిన్ వియెరా, ఆయన మిత్రులు 1955లో తమ 'ఆఫ్రిక్ సుర్ సేన్'ని పారిస్ వీధుల్లో తీయవలసి వచ్చింది అందుకే. అది ఇరవై నిమిషాల చిత్రం. డబ్బూ, పరికరాలూ, అనుమతీ లేనివాళ్ళకి దక్కిన నిడివి అంతే. దాన్ని కేవలం కళాభిరుచిగా చెప్పడం వలస చరిత్రని కప్పిపుచ్చడమే.

1963లో సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ 'బోరోం సరెట్' తీశాడు. డకార్‌లో బండి తోలుకునే ఒక పేదవాడి ఒక రోజు కథ అది. బండ్లకు ప్రవేశం లేని సంపన్నుల పేటలోకి వెళ్ళినందుకు పోలీసు అతని బండిని లాక్కుంటాడు. వట్టి చేతులతో ఇంటికి వస్తే భార్య బిడ్డని అతని చేతిలో పెట్టి, ఈ రాత్రికి తిండి దొరుకుతుందని చెప్పి గడప దాటి వెళ్ళిపోతుంది. సినిమా అక్కడితో అయిపోతుంది. ఆమె ఎక్కడికి వెళ్ళింది? ఏం అమ్మి తిండి తెస్తుంది? కెమెరా ఆమె వెంట వెళ్ళలేదు. సెంబేన్‌ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 2004లో 'మూలాదే'లో ఆడపిల్లల జననాంగాల కోతని ఎదిరించిన స్త్రీలని తెర మీదికి తెచ్చింది కూడా ఆయనే. కానీ జాతి అస్తిత్వం అన్నప్పుడల్లా మగవాడి అవమానం కథగానూ, దాన్ని పూడ్చే ఆడదాని శ్రమ ముగింపుగానూ మిగిలిపోవడాన్ని మనం గమనించాలి.

ఆ గడప దాటిన స్త్రీ వెంట నడిచింది స్త్రీ దర్శకులే. సారా మాల్డొరోర్ 1960ల చివర అల్జీరియాలో 'మొనంగాంబే' తీసింది. అంగోలాలో పోర్చుగీసు జైల్లో ఉన్న భర్తని చూడడానికి భార్య వెళుతుంది. ఆమె నోట వచ్చిన ఒక మాట స్థానికులకి వంటకం పేరు, జైలు అధికారులకి సూటు పేరు. సూటులో రహస్య సందేశం వస్తోందని అనుమానించి ఖైదీని చిత్రహింసలు పెడతారు. పాలించేవాడికి ప్రజల కూటి పేరు కూడా తెలియదు, ఆ అజ్ఞానానికి ప్రజలే దెబ్బలు తినాలి. సెనెగల్‌కి చెందిన సాఫీ ఫాయ్ పారిస్‌లో మానవశాస్త్రం చదివింది. ఆమె వంటి స్త్రీలని 'పరిశోధనాంశం'గా చూసిన శాస్త్రం అది. 1982లో ఆమె తీసిన 'సెల్బే' అరగంట సినిమా. మగవాళ్ళు పని వెతుక్కుంటూ వెళ్ళిపోయిన పల్లెలో పిల్లల్ని పోషించుకునే ఒక స్త్రీ తన బతుకుని తన నోటితోనే చెబుతుంది.

ఇలాంటి సినిమాలు వచ్చినప్పుడు రెండు పక్కల నుంచీ దాడి జరుగుతుంది. ఇంట్లో సంగతి పరాయివాళ్ళకి చెబుతారా, ఇది పాశ్చాత్య అనుకరణ కాదా అని స్వదేశీ పెద్దమనుషులు అడుగుతారు. ఈ ప్రశ్న మనకీ కొత్త కాదు. అయితే ఒక్క వాస్తవం చూడండి. వగడుగులో 1969లో మొదలైన ఆఫ్రికా చలనచిత్రోత్సవం 1972లో తన తొలి పెద్ద బహుమతిని నైజర్ దర్శకుడు ఊమరూ గాండాకి ఇచ్చింది. ఆ సినిమా బహుభార్యాత్వం మీద విమర్శే! మగవాడు విమర్శిస్తే ఆత్మపరిశీలన, ఆడది విమర్శిస్తే ద్రోహమా? పైగా ఆ బహుమతికి పెట్టింది గుర్రమెక్కి యుద్ధం చేసిన రాకుమారి యెన్నెంగా పేరు. 2025 ఉత్సవం దాకా ఆ అగ్ర బహుమతి ఒక్క స్త్రీ దర్శకురాలికీ దక్కలేదు. స్త్రీ పేరు కావాలి, స్త్రీ చూపు అక్కరలేదు.

రెండో పక్క ఐరోపా ప్రేక్షకుడు. అతనికి ఆఫ్రికా స్త్రీ బాధితురాలిగానే కావాలి, ఆమెని రక్షించేది తన చట్టమే అయి ఉండాలి. జాంబియాలో పుట్టిన రుంగానో న్యోని, హామీ రమెజాన్‌తో కలిసి 2014లో తీసిన 'లిజన్' ఈ భ్రమని పదమూడు నిమిషాల్లో బద్దలు కొడుతుంది. కోపెన్‌హాగెన్ పోలీసు స్టేషన్లో బురఖా వేసుకున్న ఒక పరాయి దేశపు స్త్రీ భర్త హింస గురించి ఫిర్యాదు చేయడానికి వస్తుంది. దుబాసీగా వచ్చిన స్త్రీ ఆమె మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చెప్పదు. పోలీసులకి ఆమె భాష రాదు. సంస్కృతి పేరుతో నోరు నొక్కేవాళ్ళూ, వినే ఏర్పాటు లేని రాజ్యమూ ఒకే గదిలో కూర్చుని ఉంటాయి. 'మొనంగాంబే'లో మాట అర్థం కాక హింస జరిగింది. ఇక్కడ అర్థమైన మాటనే తొక్కిపెట్టారు.

అస్తిత్వం అంటే దుస్తులూ, నృత్యాలూ, జానపద కథలూ మాత్రమే కాదు. ఎవరి మాట ఎవరి ద్వారా, ఎంత కోతకు గురై లోకానికి చేరుతుందన్నదే అసలు అస్తిత్వ సమస్య. సాఫీ ఫాయ్ 1990లో చిత్రీకరించిన పూర్తి నిడివి సినిమా 'మొసాన్' హక్కుల తగాదాల్లో చిక్కుకుని 1996లో గానీ బయటికి రాలేదు. 2023లో చనిపోయేదాకా ఆమె మరో సినిమా తీయలేదు. స్త్రీలకి లఘుచిత్రాలు చాలునని మెచ్చుకునే వాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

కనుక మన సంఘాలు ఈ సినిమాలు ప్రదర్శించేటప్పుడు 'ఆఫ్రికా సంస్కృతి' అనే బోర్డు తగిలించవద్దు. 'బోరోం సరెట్' వేసిన రోజే 'సెల్బే' కూడా వెయ్యండి. తెలుగులో వివరంగా చెప్పి, చూసిన స్త్రీలని మాట్లాడనివ్వండి. వాళ్ళు చెప్పినదాన్ని కోయకుండా రాసుకోండి.