విమానాలలో స్టాల్ హెచ్చరిక - రాజమండ్రి విమానాశ్రయము

స్టాల్ హెచ్చరిక వ్యవస్థ అనగా విమానపు రెక్క తన మోసే శక్తిని కోల్పోబోతున్నదని పైలట్లకు ముందుగా తెలియజేసే పరికరముల సముదాయము. తూర్పు గోదావరి జిల్లా, కోరుకొండ మండలము, మధురపూడి వద్దనున్న రాజమండ్రి విమానాశ్రయమునకు చాలా కాలము టర్బోప్రాప్ రకపు చిన్న విమానములే వచ్చేవి. రన్‌వే 1,749 మీటర్ల నుండి 3,165 మీటర్లకు పొడిగింపబడిన తరువాత, 2024 డిసెంబరులో ఇండిగో సంస్థ ముంబై, ఢిల్లీ నగరములకు ఎయిర్‌బస్ ఎ320 జెట్ విమానములను ప్రారంభించినది. అదే సంవత్సరము ఆగస్టు 9న బ్రెజిల్ దేశములో ఒక ఏటీఆర్-72 విమానము ఆకాశమున గిరగిర తిరుగుచూ నేలకూలి, అందులోని 62 మందీ మరణించిరి. పెద్ద జెట్టు వచ్చినది కనుక ప్రయాణము క్షేమమనియు, ప్రొపెల్లరున్న చిన్న విమానము ప్రమాదమనియు అనుకొనుట సహజము. కాని స్టాల్ చరిత్రను పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదు.

స్టాల్ అనగా

ఇంజను ఆగిపోవుటను స్టాల్ అని పలువురు పొరబడుదురు. ఇంజనులన్నీ చక్కగా తిరుగుచుండగా కూడా స్టాల్ సంభవించును. ఎదురుగాలికి, రెక్కకు మధ్యనున్న కోణమును యాంగిల్ ఆఫ్ అటాక్ అందురు. ఇక్కడ దానిని గాలి కోణము అని వ్యవహరింతము. ఇది ఒక హద్దు దాటినచో గాలి రెక్క పైభాగమును అంటిపెట్టుకొని ప్రవహించదు. వరద కాలములో రాజమండ్రి వంతెన స్తంభముల వెనుక గోదావరి నీరు ఎట్లు విడివడి సుడులు తిరుగునో, రెక్క వెనుక గాలి కూడా అట్లే విడిపోవును. అప్పుడు రెక్క విమానమును మోయలేదు. వేగము తగ్గుట దీనికి సాధారణ కారణము, ఏలనగా తక్కువ వేగములో అంతే బరువు మోయుటకు ముక్కును ఇంకా పైకెత్తవలసి వచ్చును.

ఈ కోణమును కొలిచేది విమానపు ముక్కు ప్రక్కన అమర్చిన ఒక చిన్న రేకు. గాలికోడి వలె అది గాలి వచ్చే దిక్కునకు తిరుగును. ఏటీఆర్-72లో కోణము హద్దును సమీపించగానే కీచురాయి అరుపును పోలిన చప్పుడు వినిపించును, పైలట్ చేతిలోని కంట్రోల్ కాలము గడగడ వణకును. అప్పటికీ ముక్కు దింపనిచో ఒక యంత్రము తానే దానిని ముందుకు నెట్టును.

ఉష్ణోగ్రత కొలత

విమానము బయట ఉష్ణోగ్రతను కొలుచుట పైకి కనిపించినంత సులువు కాదు. వేగముగా వచ్చి ఉష్ణమాపకము వద్ద ఆగిన గాలి నొక్కుకొని వేడెక్కును. గంటకు 500 కిలోమీటర్ల వేగమున ఈ పెరుగుదల దాదాపు 10 డిగ్రీలు. ధ్వని వేగములో 78 శాతముతో పోవు ఎ320కి బయట మైనస్ 50 డిగ్రీలున్నప్పుడు ఉష్ణమాపకము సుమారు మైనస్ 23 చూపును. కంప్యూటరు ఈ తేడాను తీసివేసి అసలు ఉష్ణోగ్రతను, దాని నుండి నిజమైన వేగమును లెక్కగట్టును.

నేలమీద దీని ప్రాముఖ్యము వేరు. రోహిణీ కార్తెలో గోదావరి జిల్లాలలో 45 డిగ్రీల ఎండ కాయుట కొత్త కాదు. ప్రామాణికమైన 15 డిగ్రీలతో పోల్చినచో ఆ వేడిలో గాలి సాంద్రత తొమ్మిది శాతమునకు పైగా తగ్గును. వేగమాపకము మీద స్టాల్ వేగము మారదు గాని, నేలమీద నిజమైన వేగము అయిదు శాతము ఎక్కువ కావలెను. ఇంజను బలము కూడా తగ్గును. కాబట్టి ఎక్కువ రన్‌వే కావలెను, లేదా బరువు తగ్గించవలెను. మధురపూడి రన్‌వే పొడిగింపును కేవలము పెద్ద విమానముల ఆడంబరముగా చూచువారు ఈ లెక్కను గమనింపవలెను.

డెల్టా మీద మంచు

చెమట ఆరని కోనసీమ మీద మంచు ఏమిటని నవ్వుకోవచ్చు. కాని వర్షాకాలములో మన ప్రాంతమున సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున, అనగా 16 వేల అడుగుల పైచిలుకు వద్దనే, ఉష్ణోగ్రత సున్నాకు చేరును. ఆ పైని మేఘములలో గడ్డకట్టకనే సున్నా కంటె చల్లబడిన నీటి బిందువులుండును. అవి రెక్క అంచును తాకగానే మంచుగా మారును. జెట్టు ఈ పొరను కొద్ది నిమిషములలో దాటి పైకి పోవును. గరిష్ఠముగా 25 వేల అడుగుల వరకే ఎగురగల ఏటీఆర్ అందులోనే చాలాసేపు ప్రయాణింపవలసి రావచ్చును. రెండు విమానముల మధ్య అసలైన తేడా ఇదియే.

బ్రెజిల్ విమానము 17 వేల అడుగుల ఎత్తున ఎగురుచుండెను. ప్రాథమిక నివేదిక ప్రకారము మంచు సంవేదకము పలుమార్లు హెచ్చరించినది, వేగము తగ్గినదని, పనితీరు క్షీణించినదని, వేగము పెంచవలెనని సూచనలు వరుసగా వెలిగినవి. రెక్కల మీది మంచును వదిలించు వ్యవస్థ పలుమార్లు వేయబడి, ఆపబడినది. అనగా సంవేదకములు మౌనముగా లేవు. మంచు పట్టిన రెక్క తక్కువ కోణముననే స్టాల్ అగును కనుక, మంచు నిరోధకమును వేయగానే ఏటీఆర్‌లో హెచ్చరిక హద్దు కూడా తగ్గింపబడును. 1994లో అమెరికాలోని రోజ్‌లాన్ వద్ద 68 మందిని బలిగొన్న ఏటీఆర్-72 ప్రమాదము తరువాత మంచు నిరోధక వ్యవస్థలో మార్పులు చేసిరి.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరా వద్ద 72 మంది మరణించిన ప్రమాదములో మంచు లేదు. ఆ విమానము 2007లో మన దేశపు కింగ్‌ఫిషర్ సంస్థ కొరకు తయారైనది. ఫ్లాప్ మీటకు బదులు ప్రొపెల్లర్ల మీటలను వెనుకకు లాగుటతో రెండు ఇంజనుల త్రోపుడు శక్తి పోయినది. కంట్రోల్ కాలము వణకినది, హెచ్చరిక మ్రోగినది, కాని కారణమును సమయమునకు గుర్తింపలేకపోయిరి.

జెట్టులలోని కొలత దోషములు

ఇక జెట్టుల సంగతి. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది మరణించిన బోయింగ్ 737 మాక్స్ ప్రమాదములలో గాలి కోణపు రేకు తప్పు చెప్పినది. మొదటి విమానములో తేడా సుమారు 21 డిగ్రీలు. రెండు రేకులున్నను కంప్యూటరు ఒక్కదాని మాటనే నమ్మి, లేని స్టాల్ నుండి తప్పించుటకని ముక్కును పదేపదే క్రిందికి దింపినది. భారతదేశము 2019 మార్చిలో ఈ విమానములను నిలిపివేసి, 2021 ఆగస్టులో తిరిగి అనుమతించినది.

ఎ320లో మూడు సంవేదకములుండును, ఒకటి తప్పు చెప్పినచో మిగిలిన రెండింటి మాట చెల్లును. ఇది నిస్సందేహముగా మేలైన పద్ధతి. అయినను 2008 నవంబరులో ఫ్రాన్సులోని పెర్పిన్యాన్ వద్ద ఒక ఎ320 ప్రయోగ ప్రయాణములో కూలి ఏడుగురు మరణించిరి. కొద్ది రోజుల ముందు విమానమును నీటితో కడిగినప్పుడు రెండు సంవేదకములలో నీరు చేరి, పైకెగిరిన తరువాత గడ్డకట్టినది. రెండూ ఒకే తప్పును చెప్పుటతో, నిజము చెప్పిన మూడవది ఓడిపోయినది! సంఖ్య ఒక్కటే చాలదు. అన్నియు ఒకే కారణమున చెడకుండ చూడవలెను, అది చాలవరకు నేలమీది సిబ్బంది పని.

2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రములో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగమును కొలిచే పీటో గొట్టములలో మంచు స్ఫటికములు చేరినవి. అవి కొద్దిసేపటికే కరిగినను, ఈలోగా విమానము స్టాల్‌లో పడినది. కొలిచిన వేగము 60 నాట్ల కంటె తగ్గగానే కోణపు కొలత చెల్లదని భావించి కంప్యూటరు హెచ్చరికను ఆపివేసినది. పైలట్ ముక్కును దింపి సరియైన పని చేసినప్పుడు హెచ్చరిక తిరిగి మొదలైనది. తప్పు చేసినప్పుడు మౌనము, ఒప్పు చేసినప్పుడు కేక. 228 మంది ప్రాణములు పోయిన ఆ ఘట్టము పరికరముల రూపకర్తలకు నేటికీ పాఠ్యాంశమే.

గొట్టములు, తొడుగులు

మనవంటి ఉష్ణ ప్రాంతములలో పీటో గొట్టములకు మంచు కంటె సామాన్యమైన శత్రువు మట్టి గూడు కట్టే కందిరీగ. 1996లో డొమినికన్ రిపబ్లిక్ వద్ద 189 మంది మరణించిన బర్గెనైర్ ప్రమాదమునకు మూసుకుపోయిన పీటో గొట్టము కారణమని, అందులో కందిరీగ గూడు ఉండి ఉండవచ్చునని దర్యాప్తులో భావించిరి. ఆ విమానము తొడుగు లేక నిలిచియుండెను. అందుచేత నేలమీద ఎక్కువసేపు నిలిచే విమానమునకు గొట్టముల మీద తొడుగులు వేసి, ఎగురుటకు ముందు తీసివేయుటకు గుర్తుగా ఎర్రని పట్టీలు వ్రేలాడదీయుదురు. అదే 1996లో పెరూ దేశములో ఒక బోయింగ్ 757ను శుభ్రపరచిన తరువాత, ఎత్తును కొలిచే రంధ్రముల మీద అంటించిన పట్టీని తీయుట మరచిరి. చీకటిలో ఎత్తు, వేగము ఏదియు తెలియక ఆ విమానము సముద్రమున పడి 70 మంది మరణించిరి.