వడ్డించమనే ముందు అడగండి

బంతిలో కూర్చున్నవాళ్లే పక్కవాళ్లకు వడ్డిస్తే పెళ్లివారికి మనుషుల ఖర్చు మిగులుతుంది. పీర్-టు-పీర్ వీడియో కిటుకు ఇదే: మీరు చూసిన ముక్క మీ కంప్యూటర్ నుంచే ఇంకొకరికి వెళ్తుంది. 2007లో బీబీసీ వీడియో సేవ ఐప్లేయర్ డౌన్‌లోడ్లు ఇలాగే సాగాయి. భారం మాత్రం ప్రేక్షకుడి ఇంటర్నెట్ మీద పడింది. ప్రోగ్రామ్ మూసేసినా వెనకాల అప్‌లోడ్ ఆగకపోవడంతో చాలామందికి ఒళ్లు మండింది. 2008 చివర్లో బీబీసీ ఆ పద్ధతిని వదిలేసింది. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ సంస్థ వారి పీర్‌ట్యూబ్ అనే వీడియో వేదిక కాస్త నయం. వీడియో పేజీ తెరిచి ఉన్నంతసేపే పంపకం, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. కానీ మన ఐపీ చిరునామా తోటి ప్రేక్షకుల కంప్యూటర్లకు తెలిసిపోతుంది (ఈ సంగతి ఎంతమంది గమనిస్తారు?). అందుకే ఆ పంపకం మీట మొదట ఆపి ఉంచాలి, ఇష్టమున్నవాళ్లే వేసుకుంటారు.