‘ఏ పనీ రాదు’ అనే జవాబు వెనుక

ఉద్యోగానికి వచ్చిన పాతబస్తీ స్త్రీని ‘మీకున్న సాంకేతిక అనుభవం ఏమిటి?’ అని అడిగితే ‘ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను’ అనడం మనకు కొత్త కాదు.

లాడ్‌బజార్‌లో అమ్మే లక్క గాజుల వెనుక ఇలాంటి ఇళ్ళే ఉన్నాయి. లక్క ఎంత వేడికి మెత్తబడుతుందో, గట్టిపడేలోగా రాళ్ళెలా పొదగాలో ఆమె చేతులకు తెలుసు. ఇదే పని మగవాడు కార్ఖానాలో చేస్తే ‘కారీగర్’. ఆమె ఇంట్లో చేస్తే ‘తీరిక వేళల పని’. నైపుణ్యం అన్న మాటలోనే వివక్ష దాగి ఉంది.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు పేరు దక్కింది. రాళ్ళు పొదిగే ఆమెకు అనుభవ పత్రం ఎవరిస్తారు? ఇంటి వద్ద చేసే శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. భారత ప్రభుత్వం దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

ధైర్యంగా మాట్లాడమని ఆమెకు శిక్షణ ఇస్తే సరిపోదు. బయోడేటా రాసిపెట్టేటప్పుడు ‘ఏం చదువుకున్నారు?’తో ఆగకుండా ‘పొద్దున్నుంచీ ఏమేం చేస్తారు?’ అని అడగాలి. ఏ పని, ఎన్నేళ్ళు, రోజుకెన్ని జతలు, అన్నీ రాయాలి. మన సంస్థల్లో బల్లకు అవతల కూర్చుని ప్రశ్నలడిగేది మనమే. ముందు ఆ ప్రశ్నలు మార్చుకుందాం.